సంగటి తెడ్డు సంగతులు

నన్ను చూసి కొత్తవాళ్ళు చపాతీ కర్ర అనుకుంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. పీట మీద అటూ ఇటూ పొర్లి, మైదా పూసుకుని డబ్బాలో పడుకునే బతుకు కాదు నాది. మూరకు పైన పొడుగు, పట్టుకునే చోట సన్నం, పిండిలోకి దిగే చోట లావు. చింత చేవతో చేశారు. సంగటి గెలికే తెడ్డును. కోలారు బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో, మార్కెట్టుకు వెనకపక్క ఒక పెంకుటింట్లో, పొయ్యి మీది గోడకు కొట్టిన మేకుకు వేలాడుతూ యాభై ఏళ్ళు దాటించాను. నా పక్క మేకు పప్పుగుత్తిది. అది ఆకుకూర ఎనుపుతుంది, నేను సంగటి గెలుకుతాను. మా ఇద్దరి మధ్యా పొరపొచ్చాలు లేవు.

ఈ ఇంటికి నన్ను తెచ్చింది అవ్వ. అప్పుడు అవ్వ కాదులెండి, పదిహేడేళ్ళ కొత్త పెళ్ళికూతురు. వి.కోట సంతలో వాళ్ళమ్మ బేరమాడి కొనింది. ఒక సత్తు దబర, నేను, ఒక రాగుల మూట, ఇదీ కాపురానికి వచ్చిన సామాను. గనిలో పని చేసే అల్లుడంటే ఆ కాలంలో చిత్తూరు జిల్లా పల్లెల్లో గొప్ప సంబంధం. వాన పడినా పడకపోయినా నెల తిరిగేసరికి జీతం వస్తుంది కదా. ఇంగ్లీషు కంపెనీ పోయి గనులు సర్కారు చేతికి వచ్చి అప్పటికి చాలా ఏళ్ళయింది కానీ, ఈ ఊళ్ళో అందరూ ‘కంపెనీ’ అనే అనేవాళ్ళు. ఊరి పేరు కూడా ఒక తెల్లదొరదే, మైసూరులో రెసిడెంటుగా ఉన్న రాబర్ట్‌సన్‌ది. కొత్తకోడలికి ఆ పేరు నోరు తిరగడానికి ఒక ఏడాది పట్టింది. ‘రాబసన్‌పేట’ అనేది. ఇప్పటికీ అంతే అంటుంది.

వీధిలో అరవం, బడిలో కన్నడం, వంటింట్లో తెలుగు. ఈ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా మూడూ కలిపి మాట్లాడటం మొదలుపెట్టి, అయిదారేళ్ళకు ఏది ఎక్కడ వాడాలో తేల్చుకునేది. ఆకలైతే మాత్రం తెలుగే వచ్చేది.

నా పని గంటలు నిర్ణయించింది గడియారం కాదు, గని సైరన్. తాతకు, అంటే అవ్వ మొగుడికి, తెల్లవారి షిఫ్టయితే చీకటితోనే ఎసరు పడాలి. రాత్రి షిఫ్టయితే పొద్దు గూకే ముందే ముద్ద కట్టాలి. అవ్వ నిద్ర, పిల్లల తిండి, నా ఒంటి వేడి, అన్నీ ఆ కూత చుట్టూనే తిరిగేవి. తాత దిగేది ఛాంపియన్ రీఫ్‌లో. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయిన గని అది. అడుగున రాయి వేడి అరవై డిగ్రీలు దాటుతుందని, గొట్టాల్లో చల్లగాలి పంపితే తప్ప మనిషి నిలవలేడని తాత ఎవరికో చెప్తుంటే విన్నాను. ఇంట్లో వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు. రెండు ముద్దలు, గిన్నెడు బస్సారు (పప్పూ ఆకుకూరా ఉడికించి వంచిన నీళ్ళ చారు), ఒక ఉల్లిగడ్డ. తిని, చెయ్యి కడుక్కుని పోయేవాడు. అన్నం తింటే లోపలికి దిగేలోపే ఆకలేస్తుందట.

ఇంకొక మాట. ఈ గనులకు శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది 1902లో. బెంగళూరు వీధులకు 1905లో గానీ రాలేదు. ఊరంతా ఆ గొప్ప చెప్పుకుంటుంది. నేను వచ్చిన రోజుల్లో మా వంటింట్లో వెలిగింది మాత్రం కిరసనాయిలు బుడ్డి. పొగకు నేను నల్లబడ్డాను, అవ్వ కళ్ళు ఎర్రబడ్డాయి.

గని లోపల రాయి పగిలితే ఆ సంగతి ముందు తెలిసేది వంటిళ్ళకే. అంత లోతున ఖనిజం తవ్వేసిన చోట చుట్టూ ఉన్న బండ బరువు తట్టుకోలేక ఒక్కసారిగా బద్దలవుతుంది. కంపెనీ ఇంజనీర్లు రాక్ బరస్ట్ అనేవాళ్ళు. పైన మాకు భూమి కదిలినట్టు ఉండేది. అలమరలో గిన్నెలు గలగలమనేవి, నేను మేకు మీద ఊగిపోయేదాన్ని, పైనుంచి పెంకు మట్టి దబరలోకి రాలేది. ఒక రోజు అవ్వ సంగటి గెలుకుతుండగా అట్లాగే అయింది. ఆమె చేసిన మొదటి పని చీర ఉయ్యాలలో పిల్లాణ్ణి ఎత్తుకోవడం. రెండోది గడియారం చూడటం, ఎవరి షిఫ్టు నడుస్తున్నదో లెక్కేసుకోవడానికి. వీధిలో ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చి, మాట్లాడకుండా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు తాత మామూలుగానే వచ్చాడు. అడుగు మాడిన సంగటిని వంక పెట్టకుండా తిన్నాడు.

సంగటి ఎట్లా అవుతుందో చెప్పకపోతే నా ఆత్మకథ సగమే. నీళ్ళు తెర్లేటప్పుడు ఇంత ఉప్పు, చారెడు పిండి చల్లనీళ్ళలో కలిపి పోయాలి. అది గంజిలా కాగి పైకి పొంగేటప్పుడు మిగిలిన పిండిని నడుమ గుట్టగా పోసి కదపకుండా వదిలెయ్యాలి. తొందరపడేవాళ్ళు ఇక్కడే చెడగొడతారు. గుట్ట మధ్యలో నన్ను నిలువునా దింపి ఒక కన్నం చేస్తారు. అందులోంచి గంజి బుడుక్ బుడుక్‌మని పైకి వచ్చి పిండిని లోపలి నుంచి ఉడికిస్తుంది. ఆ కన్నంలో నిలబడి ఆవిరి పీల్చడమే నాకు ఈ పనిలో ఇష్టమైన ఘడియ. తర్వాత దబర కిందికి దించి, రెండు పాదాల మధ్య గోనెపట్టతో అదిమి పట్టి, నన్ను రెండు చేతులా పట్టుకుని గెలకాలి. భుజం నుంచి బలం రావాలి, మణికట్టు నుంచి కాదు. ఉండలు కనబడితే దబర గోడకు అదిమి చిదమాలి. పిండి నన్ను వదిలి, దబరను వదిలి, తనంతట తాను ఒక్కటిగా తిరగడం మొదలుపెడితే అయినట్టు. తడి పళ్ళెంలోకి తిప్పి, చెయ్యి తడుపుకుంటూ వేడి మీదే ముద్ద కట్టాలి. అవ్వ అరిచేతులకు ఆ వేడి తెలియదు. కోడలికి తెలిసేది, ‘హా’ అని ఊదుకునేది.

పెద్దవాళ్ళ ముద్దలన్నీ అయ్యాక అడుగున మిగిలిన దానితో నిమ్మకాయంత ముద్దలు పిల్లలకు. సంగటి తినడం పుట్టుకతో రాదు, నేర్పాలి. అన్నానికి అలవాటు పడిన పిల్ల నములుతుంది, పళ్ళకు అంటుకుంటుంది, ఏడుస్తుంది. “నమలొద్దు మే, చారులో ముంచి గుటుక్కున మింగాల” అని అవ్వ తన గొంతు చూపించి మింగేది. పిల్ల అవ్వ గొంతు మీద చెయ్యి పెట్టి, లోపలికి ముద్ద దిగుతుండటం తడిమి చూసి, పకపకా నవ్వేది. ఆ నవ్వులో తన నోట్లోది కూడా దిగిపోయేది. ఈ ఇంట్లో మూడు తరాల పిల్లలు అట్లాగే నేర్చుకున్నారు.

పసిబిడ్డలకు నాతో పని లేదు. వాళ్ళకు రాగి సరి. రాగులు కడిగి, రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, వేయించి, పిండి పట్టించి, పాత పంచె గుడ్డలో వస్త్రకాయితం పడతారు. ఇంత తతంగం ఎందుకని కోడలు ఒకసారి విసుక్కుంది. మామూలు పిండితో జావ కాస్తే చల్లారేసరికి బంకలా బిగుసుకుంటుంది, నీళ్ళు పోసి పలచన చేస్తే బిడ్డ పొట్ట నీళ్ళతోనే నిండిపోతుంది. మొలకెత్తిన గింజలో పిండిపదార్థం కొంత విరుగుతుంది కాబట్టి, పిండి ఎక్కువ వేసినా జావ జారుగానే ఉంటుంది. నాలుగు చెంచాల్లో ఎక్కువ బలం పోతుంది. అంగన్‌వాడీ టీచరు ఈ సంగతి చెప్పినప్పుడు అవ్వ “అది తెలిసే కదా మా అమ్మ మూట కట్టింది” అనింది. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉందని, తెల్లబియ్యంలో పదికి అటూ ఇటూ అని కూడా టీచరు చెప్పింది. అవ్వకు ఆ లెక్క ఎక్కలేదు. “మా తాత తొంభై ఏళ్ళకు చెట్టెక్కినాడు” అని తన లెక్క తాను చెప్పింది.

పళ్ళు వచ్చే బిడ్డకు మాత్రం నేనే కావాలి. చిగుళ్ళు దురద పెట్టి అల్లాడుతుంటే నన్ను కడిగి చేతికిచ్చేవాళ్ళు. నా పట్టు చివర చూడండి, చిన్న చిన్న గాట్లు కనిపిస్తాయి. కింది వరస కొడుకుది. పై వరస అతని కూతురిది. ఆ పక్కన లోతుగా ఉన్న రెండూ ఆమె తమ్ముడివి. వాడు కొరకడంలో ఘనుడు. నడక వచ్చాక నేను బ్యాటునయ్యాను. ఒక ఆదివారం నన్ను సందులోకి తీసుకుపోయి, ఆట అయ్యాక మోరీ గట్టు మీద మరిచిపోయారు. ఎసరు తెర్లుతోంది, నేను లేను. అవ్వ కేక మూడు ఇళ్ళకు వినబడింది. ఇక “తెడ్డు తీసినానంటే సూడు” అన్న బెదిరింపు ఈ ఇంట్లో రోజూ వినేదే. నిజం దాచను, రెండు మూడు సార్లు పిక్కలకు తగిలాను. మెల్లగానే.

మార్గశిరం, పుష్యం వచ్చాయంటే ఇంట్లో పండగ పిల్లలదే. అనపకాయల కాలం. మార్కెట్టు నుంచి మూటలు వస్తాయి, చేతులకు సొన జిడ్డు, ఇల్లంతా ఆ వాసన. కాయలు ఒలిచి గింజలు నానేస్తే పితికే పని పిల్లలకు అప్పజెప్తారు. గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు ఎగిరి పడుతుంది. గిన్నెలో పడాల్సిన పప్పు అన్నిసార్లూ గిన్నెలో పడదు. తమ్ముడి ముక్కుకు గురి చూసి కొట్టడం అక్క నేర్చుకుంది, వాడు తిరిగి కొడితే గోడ మీద నాకు తగిలేది. అవ్వ తిట్టేది కానీ ఆ పని లాక్కునేది కాదు. అంత పితికిపప్పు పితికే ఓపిక పెద్దవాళ్ళకు ఎక్కడిది? ఆ రాత్రి ముద్దలోకి పితికిపప్పు పులుసు. తమ చేత్తో పితికిన పప్పు కాబట్టి నాకొద్దన్న పిల్ల ఉండదు.

ఆ కాలంలో నన్ను పట్టిన చేతులన్నీ ఆడచేతులే. తాత గానీ, తాత రిటైరయ్యాక అదే గనిలో దిగిన కొడుకు గానీ నన్ను మేకు నుంచి దించి ఎరగరు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. నూట ఇరవై ఏళ్ళలో ఎనిమిది వందల టన్నుల దాకా బంగారం ఇచ్చిన గనులని పేపర్లో రాశారు. ఈ ఇంట్లోకి వచ్చిన బంగారం అవ్వ చెవుల కమ్మలొక్కటే. అవి కూడా తాకట్టు కొట్టుకూ ఇంటికీ తిరుగుతూ ఉండేవి. సైరన్ ఆగిపోయాక మొదటి కొన్ని వారాలు అవ్వకు ఎసరు ఎప్పుడు పెట్టాలో తోచలేదు. అదే వేళకు లేచేది, పొయ్యి ముందు కూర్చునేది, ఎవరికోసమో గుర్తొచ్చి ఊరుకునేది.

కోడలు బెంగళూరులో గార్మెంట్స్ పనికి కుదిరింది. గనుల కోసం 1894లో వేసిన రైలు లైనే ఇప్పుడు మనుషుల్ని బయటికి తీసుకుపోతోంది. మారికుప్పం నుంచి బయల్దేరే ‘స్వర్ణ’ను ఊరుగాం స్టేషన్లో చీకటితో ఎక్కితే, బంగారపేట మీదుగా దాదాపు ఎనభై కిలోమీటర్లు. దిగి ఫ్యాక్టరీకి పోయి, కుట్టి, మళ్ళీ అదే దారి. ఇంటికి వచ్చేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. అదే ఏడాది అవ్వ కుడి భుజం పట్టేసింది. సంగటి గెలికీ గెలికీ కీలు అరిగిందని డాక్టరు చెప్పాడు. నాలుగేళ్ళ పిల్ల, ఏడాది పిల్లాడు, పని లేని కొడుకు, చెయ్యెత్తలేని అవ్వ, మేకుకు నేను.

మొదటి మూడు రోజులు హోటల్ ఇడ్లీ. నాలుగో రోజు కొడుకు నన్ను దించాడు. నాకు బాగా గుర్తు. నన్ను గునపం పట్టినట్టు పట్టాడు. పిండి గుట్ట పోసిన మరుక్షణమే గెలకడం మొదలుపెట్టాడు. అవ్వ గడప మీద నుంచి “ఉడకనీ రా, ఉడకనీ” అని మొత్తుకుంటున్నా ఆగలేదు. బలానికేం తక్కువ లేదు, దబర అడుగు సొట్ట పోయింది. పిల్ల మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది.

“నాయనా, ముద్దలో రాళ్ళుండాయి.”

అవ్వ నవ్వాపుకోలేక, “రాళ్ళు కొట్టిన చెయ్యి గదమ్మా, రాళ్ళే వస్తాయి” అనింది.

గని మూసిన తర్వాత ఆ ఇంట్లో పెద్దగా నవ్వింది అప్పుడే. అతనూ నవ్వాడు. మర్నాడు పిండి కన్నంలో బుడగలు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పది రోజులు తిరిగేసరికి ఉండలు పోయాయి. నెల తిరిగేసరికి అవ్వ వంక పెట్టడం మానేసింది. వీధిలో ఇంకొక ఇద్దరు మగవాళ్ళు కూడా తలుపు మూసుకుని వంట చేస్తున్నారని పప్పుగుత్తి నాతో అనింది. తలుపు ఎందుకు మూసుకున్నారో నాకు అర్థం కాలేదు. మావాడు మూసుకోలేదు. తర్వాత ఆటో కొన్నాడు. మధ్యాహ్నం ఇంటిముందు ఆపి, హారను కొట్టి, పిల్లలకు ముద్ద కట్టి పెట్టి మళ్ళీ పోయేవాడు. గుత్తొంకాయ, బస్సారు, కోడిగుడ్డు పులుసు, ఒకటొకటే నేర్చాడు. దోసె మాత్రం ఇప్పటికీ చింపుతాడు.

ఆటో మీద, నా మీద, ముద్దల మీద పడే ఇంకో సంగతి చెప్పాలి. ఊరి పక్కన సయనైడ్ దిబ్బలున్నాయి. రాయిని పొడి చేసి బంగారం తీసేశాక మిగిలిన పొడి అది, మూడు కోట్ల టన్నులకు పైగా. ఈ గనుల మీద 2018లో వచ్చిన సినిమాకు అక్కడే షూటింగ్ చేశారని ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఫొటోలు తీసుకుంటారు. ఎండాకాలం గాలి లేస్తే ఆ పొడి మా వంటింటికి కూడా చుట్టంలా వస్తుంది. నీళ్ళ కుండ మీద, ఆరబెట్టిన రాగుల మీద సన్నని తెల్లటి పొర. పిల్లల కళ్ళు ఎర్రబడతాయి. మావాడు కిటికీకి తడి గోనె కట్టి, దబర మీద పళ్ళెం బోర్లించి వండుతాడు. నన్ను వాడే ముందు కూడా కడుగుతాడు. ఆడవాళ్ళ కాలంలో వాడాక కడిగితే సరిపోయేది. ఆ దిబ్బల మీద పచ్చగడ్డైనా మొలిపిస్తే మా వంటింటికి మేలు.

కట్టెపొయ్యి పోయింది, వత్తుల స్టవ్వు వచ్చింది. అదీ పోయి గ్యాస్ వచ్చింది. గ్యాస్ వచ్చాక నా నలుపు వదిలి, కింది చింత ఎరుపు కొంచెం బయటపడింది. మిక్సీ వచ్చి రోలును పెరట్లోకి తోసింది, ఇప్పుడు దాని మీద తులసి కుండ. కుక్కర్ వచ్చినప్పుడు నేనూ భయపడ్డాను. పొరుగింట్లో కుక్కర్లోనే రాగి పిండి పోసి, రెండు విజిళ్ళు వేయించి, గరిటెతో నాలుగు తిప్పులు తిప్పి ముద్ద కడుతున్నారట. అవుతుంది, కాదనను. తిన్నవాళ్ళే చెప్పాలి.

2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరమని జరిపింది. టీవీలో వంటలాయన రాగి ముద్దను చెంచాతో కోసుకుని తింటుంటే అవ్వ చూసి, “ఇన్నాళ్ళూ మనం తిన్నిందేంది మరి?” అనింది. ఆ మరుసటి ఏడు కర్ణాటక బడుల్లో పిల్లలకు వారంలో మూడు రోజులు పాలతో పాటు రాగి మాల్ట్ ఇవ్వడం మొదలైంది. ఒకప్పుడు రాగి తినేవాడంటే పేదవాడని బడిలో ఎగతాళి చేసేవాళ్ళు. మా కొడుకే చిన్నప్పుడు క్యారియర్ మూత పూర్తిగా తీయకుండా తినేవాడు. అదే బడిలో అదే రాగి ఇప్పుడు గ్లాసుల్లో వస్తోంది. ఆలస్యంగానైనా మంచి పనే.

ముద్దలో రాళ్ళున్నాయన్న పిల్ల ఇప్పుడు తల్లి. వైట్‌ఫీల్డులో ఉద్యోగం. ఆమె కూడా స్వర్ణే ఎక్కుతుంది. ఏడాదిన్నర బిడ్డను పగలు తన నాయన దగ్గర వదిలిపోతుంది. బిడ్డ తండ్రిది రాత్రి డ్యూటీ. పొద్దున ఇంటికి వచ్చి, పడుకునే ముందు తన వంతుగా ఎసరు పెడతాడు, పిండి జల్లిస్తాడు. గెలకడం ఇంకా రాలేదు. మామ పక్కన నిలబడి “ఉడకనీ నాయినా, ఉడకనీ” అంటుంటాడు. గడప మీద అవ్వ వినీ విననట్టు నవ్వుతుంది. నా పట్టు చివర కొత్త గాట్లు పడుతున్నాయి.

చదివేవాళ్ళకు ఒక విన్నపం. మీ అటక మీద నాలాంటిది ఏదైనా పడి ఉంటే దించండి. సింకులో రాత్రంతా నానబెట్టకండి, చేవ పగులుతుంది. వేడినీళ్ళతో కడిగి, నీడన ఆరబెట్టి, నెలకొకసారి ఇంత కొబ్బరినూనె రాయండి చాలు. ఎవరు గెలకాలన్నది మీ ఇంటి సంగతి. మా ఇంట్లో మాత్రం ఆ రోజు స్వర్ణ ఎక్కనివాళ్ళదే వంతు.